చివర అంటే ఎక్కడ?

2024 జనవరిలో ఒక సాయంత్రం బుద్వేల్ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. అప్పుడు తెలంగాణలో పెండింగ్ ట్రాఫిక్ చలాన్ల మీద రాయితీ నడుస్తోంది. టూవీలర్‌కి అయితే 80 శాతం మాఫీ. పెదనాయిన బండి మీద ఎప్పటివో నాలుగు చలాన్లు ఉన్నాయట. ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, అందులో ఒక లింకు ఉంది.

"గిది నొక్కాల్నా వద్దారా?" అని అడిగింది.

నేను మీటింగ్‌కి వెళ్ళే హడావిడిలో ఉన్నా. పదేళ్ళకు పైగా ఈ పనిలోనే ఉన్నవాణ్ణి కాబట్టి తడుముకోకుండా చెప్పేశా. "చివర గవ్ డాట్ ఇన్ ఉందా చూడు పెద్దమ్మా. ఉంటే గవర్నమెంటుది. లేకపోతే నొక్కకు."

"చివర అంటే ఎక్కడ్రా? ఇది శానా పొడుగున్నది."

"అక్కడే ఎక్కడో ఉంటుంది, చూడు."

"ఆఁ, ఉన్నది ఉన్నది. గవ్, చుక్క, ఇన్. నొక్కుతున్న మరి."

ఎందుకో అనుమానం వచ్చి ఆగమన్నా. 'ఇన్' తర్వాత ఏముందో చదవమన్నా. "ఇన్ తర్వాత అడ్డగీత ఉన్నది. ఆ తర్వాత ఏదో 'పే' అని ఉన్నది. మల్ల చుక్క. 'టాప్' అని ఉన్నది. మల్ల వంకర గీత, అవతల అంకెలున్నయి."

అది దొంగ లింకు. ఆ రోజుల్లో ఇలాంటి నకిలీ చలాన్ సైట్ల గురించి పోలీసులు హెచ్చరికలు చేస్తూనే ఉన్నారు. పెద్దమ్మ నొక్కలేదు, డబ్బులు పోలేదు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చెప్పినట్టే ఆమె చేసింది, నేను చెప్పినదాని వల్లే మోసపోబోయింది. 'చివర' అన్నాను. వెబ్ అడ్రసులో చివర అనేది వాక్యం చివర ఉండదని, ఎక్కడో మధ్యలో ఉంటుందని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఉందని మనం ఎవరం ఆమెకు చెప్పలేదు.

ఎందుకు మధ్యలో ఉంటుంది? సమాధానం వెతుక్కుంటూ వెళ్తే అదో చరిత్ర. అందులో కొంత కాలిఫోర్నియాలో జరిగింది, కొంత మన హైదరాబాద్‌లోనే జరిగింది.

*

ముందు పెద్దమ్మ ఇంటి అడ్రసు చూద్దాం. ఆమె బుద్వేల్‌కి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఇల్లు అదే, గల్లీ అదే. అడ్రసు మాత్రం మారుతూ వచ్చింది. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లా నుంచి పల్లెప్రాంతాన్ని విడదీసి రంగారెడ్డి జిల్లా చేశారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2007 ఏప్రిల్‌లో రాజేంద్రనగర్ మున్సిపాలిటీ, చుట్టుపక్కల ఇంకో పదకొండు మున్సిపాలిటీలతో పాటు జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2014లో రాష్ట్రం పేరు మారింది. పాత రేషన్ కార్డు, పాత కరెంటు బిల్లు, ఆధార్ పక్కపక్కన పెడితే మూడు వేర్వేరు ఇళ్ళ కాగితాల్లా ఉంటాయి. ఇల్లు కదల్లేదు, అడ్రసు కదిలింది.

ఈ గందరగోళంలో కూడా ఉత్తరం చేరిందంటే కారణం పిన్‌కోడ్. 1972 ఆగస్టు 15న మొదలైంది. తపాలా శాఖలో పనిచేసిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ ఆలోచన అది. ఆయన సంస్కృత పండితుడు, కవి కూడా. రాజేంద్రనగర్ పిన్ 500030. మొదటి రెండంకెలూ ఉత్తరాన్ని తెలంగాణకు చేరుస్తాయి, మొదటి మూడూ కలిపితే హైదరాబాద్ సార్టింగ్ జిల్లాకు, చివరి మూడూ ఫలానా పోస్టాఫీసుకు. అక్కడి నుంచి ఇంటికి చేర్చే బాధ్యత పోస్ట్‌మ్యాన్‌ది. ముంబయిలో ఉత్తరాలు వేరుచేసే మనిషికి బుద్వేల్ ఎక్కడుందో తెలియనవసరం లేదు. మొదటి అంకె చూసి సంచీలో పడేస్తే చాలు. ప్రతివాడికీ తన పక్క మెట్టు తెలిస్తే సరిపోతుంది, దేశమంతా ఎవరికీ తెలియక్కర్లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఇంటర్నెట్ మొత్తం దీని మీదే నడుస్తోంది.

ఇంకో విషయం కూడా గమనించండి. కవరు మీద మనం చిన్నదాని నుంచి పెద్దదానికి రాస్తాం. ఇంటి నంబరు, గల్లీ, ఊరు, జిల్లా, రాష్ట్రం. పిన్‌కోడ్ మాత్రం పెద్దదాని నుంచి చిన్నదానికి వెళ్తుంది. ఒకే కవరు మీద రెండు దిక్కుల లెక్కలు. తపాలావాళ్ళు కవరును కింది నుంచి పైకి చదువుతారు.

*

ఇప్పుడు బుద్వేల్ నుంచి బెంగళూరు హైవే పట్టుకుని శంషాబాద్ దాకా వెళ్దాం. అక్కడ పెద్దమ్మ ఇంటికి పూర్తిగా తిరగేసిన కథ ఉంది.

విమాన టికెట్ల మీద హైదరాబాద్‌కి హెచ్‌వైడీ అనే మూడక్షరాల కోడ్ ఉంటుంది. 2008 మార్చి దాకా ఆ మూడక్షరాలకు అర్థం బేగంపేట. మార్చి 23న శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలయ్యాక అవే మూడక్షరాలకు అర్థం శంషాబాద్. బేగంపేటకు బీపీఎం అని కొత్త కోడ్ ఇచ్చారు. దుబాయ్ నుంచో షికాగో నుంచో వచ్చేవాడు ఏమీ నేర్చుకోనవసరం లేకపోయింది. ముందురోజు ఏ పేరుతో టికెట్ కొన్నాడో తర్వాతి రోజూ అదే పేరు, దిగింది మాత్రం నగరానికి ఇంకో మూలన. ఇక్కడ అడ్రసు కదల్లేదు, ఇల్లు కదిలింది.

కానీ పైలట్లు, కంట్రోల్ టవర్లు వాడే నాలుగక్షరాల కోడ్ వేరే ఉంటుంది. బేగంపేటది వీఓహెచ్‌వై. అది బేగంపేటతోనే ఉండిపోయింది. శంషాబాద్‌కి వీఓహెచ్‌ఎస్ అని కొత్తది ఇచ్చారు. అంటే ప్రయాణికుడికి చెప్పే పేరు ఒకటి, విమానం దిగే నేలకు పేరు ఇంకొకటి. మొదటిది మనుషుల కోసం, దాన్ని ఎటైనా తిప్పొచ్చు. రెండోది నేలకు అంటుకుని ఉంటుంది. ఈ రెండింటినీ కలుపుతూ ఎక్కడో ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో ఒక గడి మారిస్తే వేలమంది ప్రయాణం మారుతుంది.

వెబ్‌సైటు పేరుకీ, దాని వెనకున్న అంకెలకీ సంబంధం సరిగ్గా ఇదే. ప్రతి కంప్యూటరుకీ ఒక అంకెల చిరునామా ఉంటుంది. పాత పద్ధతిలో అవి నాలుగు సంఖ్యలు, ఒక్కోటి సున్నా నుంచి 255 దాకా. మొత్తం కలిపితే 429 కోట్లకు పైచిలుకు. అవి సరిపోక తర్వాత ఇంకా పొడుగు అంకెలు వచ్చాయి. మనం పేరు కొడతాం, వెనకాల ఎవరో ఆ పేరుని అంకెలుగా మారుస్తారు. సైటుని ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి మార్చినా పాఠకుడికి తెలియదు. పట్టికలో గడి మారుతుంది, అంతే.

*

మరి ఆ పట్టిక ఎవరి దగ్గరుంటుంది?

మొదట్లో నిజంగానే ఒక్కరి దగ్గర ఉండేది. 1970లలో ఇంటర్నెట్‌కి ముందు రూపమైన అర్పానెట్‌లో కంప్యూటర్ల పేర్లూ, అంకెలూ ఒకే ఫైల్లో రాసిపెట్టేవాళ్ళు. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన ఆఫీసు దాన్ని చూసుకునేది. కొత్త కంప్యూటరు పెట్టినవాళ్ళు ఆ ఆఫీసుకు చెప్పుకోవాలి. వాళ్ళు ఫైల్లో ఎక్కించాక ప్రపంచంలోని మిగతా కంప్యూటర్లన్నీ ఆ ఫైలు కాపీ తెచ్చుకోవాలి. ఊరి పట్వారీ దగ్గర పహాణీ ఉన్నట్టు. ఊరు చిన్నదైతే ఇబ్బంది లేదు. పెరిగేకొద్దీ ఆ ఫైలు ఎవరి దగ్గర చూసినా పాతదే అయిపోయేది.

1983లో పాల్ మొకపెట్రిస్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. పట్టికను ఒక్కరి దగ్గర పెట్టొద్దు, పిన్‌కోడ్‌లా మెట్లుగా పంచేద్దాం అన్నాడు. అదే డొమైన్ నేమ్ సిస్టమ్. 1985లో డాట్ కామ్, డాట్ ఓఆర్‌జీ లాంటివి మొదలయ్యాయి. మన దేశానికి డాట్ ఇన్ 1989లో వచ్చింది.

ఇది ఎలా నడుస్తుందో చలాన్ సైటుతోనే చూద్దాం. అప్పటి అసలు అడ్రసుని తెలుగు లిపిలో రాస్తే ఇలా ఉంటుంది: ఈచలాన్.టీఎస్‌పోలీస్.గవ్.ఇన్. దీన్ని కంప్యూటరు కుడి నుంచి ఎడమకు చదువుతుంది. మొదట అన్నిటికన్నా పైనున్న 'రూట్' సర్వర్లను అడుగుతుంది. వాటికి పేర్లు పదమూడే, కానీ ఆ పేర్లతో పనిచేసే యంత్రాలు ప్రపంచమంతా వెయ్యికి పైగా ఉన్నాయి. "ఈచలాన్ ఎక్కడ?" అంటే రూట్ "నాకు తెలియదు. 'ఇన్' సంగతి చూసేవాళ్ళు ఫలానా చోట ఉన్నారు, వాళ్ళనడుగు" అంటుంది. 'ఇన్' వాళ్ళు "'గవ్'ని అడుగు" అంటారు. 'గవ్' వాళ్ళు "టీఎస్‌పోలీస్‌ని అడుగు" అంటారు. చివరికి టీఎస్‌పోలీస్ పేరు చూసుకునే సర్వర్ "ఇదిగో అంకెలు" అని ఇస్తుంది. ప్రభుత్వాఫీసులో ఫైలు కోసం తిరిగినట్టే, ఆ కౌంటరు కాదు ఈ కౌంటరు అంటూ. తేడా ఏంటంటే ఇక్కడ రెప్పపాటులో అయిపోతుంది. ఒకసారి తెలుసుకున్న జవాబుని కొంతసేపు దాచుకుంటారు కాబట్టి ప్రతిసారీ తిరగక్కర్లేదు కూడా.

ఇక్కడే అసలు విషయం ఉంది. ప్రతి మెట్టు మీదా ఒక యజమాని ఉంటాడు. తన కింద ఏ పేరు ఎవరికివ్వాలో అతని ఇష్టం. 'గవ్ డాట్ ఇన్' కింద పేరు కావాలంటే ప్రభుత్వ సంస్థే అయ్యుండాలి, మీకూ నాకూ ఇవ్వరు. కానీ 'టాప్' కింద కొద్దిపాటి డబ్బు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకున్నాక దానికి ఎడమవైపు నా ఇష్టం వచ్చింది రాసుకోవచ్చు, 'పోలీస్' అని, 'గవ్' అని, బ్యాంకు పేరు అని, ప్రధానమంత్రి అని. అడిగేవాడు లేడు. మా గల్లీలో నా ఇంటిముందు 'కలెక్టర్ ఆఫీస్' అని బోర్డు పెట్టుకుంటే గల్లీవాళ్ళు నవ్వుతారు. వెబ్‌లో గల్లీ కనబడదు, బోర్డే కనబడుతుంది.

పెద్దమ్మకు వచ్చిన లింకులో 'గవ్' తర్వాత చుక్క, 'ఇన్', దాని తర్వాత అడ్డగీత. అడ్డగీత విడదీయదు, కలుపుతుంది. చుక్క మాత్రమే విడదీస్తుంది. కాబట్టి అక్కడున్నది 'ఇన్' కాదు, 'ఇన్-ఏదో-పే' అనే ఒకే పేరు. అది ఉన్నది 'టాప్' కింద. దాని ఎడమన ఉన్న పోలీసులు, ప్రభుత్వం అంతా గోడ మీద బొమ్మ.

*

చుక్కల సంగతి సరే, వంకర గీత ఏంటి?

1990 ప్రాంతంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ని తయారుచేసినప్పుడు, అప్పటికే ఉన్న రెండు అలవాట్లను కలిపి అతికించాడు. కంప్యూటరు పేరు చెప్పడానికి మొకపెట్రిస్ చుక్కల పద్ధతి తీసుకున్నాడు. అది చిన్నది ముందు, పెద్దది వెనక. ఆ కంప్యూటర్లో ఫలానా కాగితం ఎక్కడుందో చెప్పడానికి యూనిక్స్ ఫైళ్ళ వంకర గీతల పద్ధతి తీసుకున్నాడు. అది పెద్దది ముందు, చిన్నది వెనక. అందుకే ప్రతి వెబ్ అడ్రసూ మధ్యలో దిక్కు మార్చుకుంటుంది. హైదరాబాద్‌లో ఒకే బోర్డు మీద ఉర్దూ కుడి నుంచి ఎడమకీ, తెలుగు ఎడమ నుంచి కుడికీ నడుస్తాయి కదా, అలాగ. లిపి మారింది కాబట్టి బోర్డు మీద మనకు తెలుస్తుంది. అడ్రసులో లిపి మారదు, దిక్కు మాత్రం మారుతుంది.

ఇలాగే ఉండాలని రూలేమీ లేదు. బ్రిటన్ యూనివర్సిటీల నెట్‌వర్క్‌లో ఒకప్పుడు పేర్లు తిరగేసి, దేశం ముందు వచ్చేలా రాసేవాళ్ళు. బెర్నర్స్-లీ కూడా తర్వాతెప్పుడో, మళ్ళీ మొదలుపెడితే పెద్దదాన్ని ముందు పెట్టి అంతా ఒకే దిక్కుగా రాసేవాణ్ణి అన్నాడు. మొదట్లో వచ్చే రెండు వంకర గీతలు అసలు అనవసరమని 2009లో ఒప్పుకున్నాడు. అప్పటికి చాలా ఆలస్యమైంది. ఈ చిన్న అతుకు సరిచేసి ఉంటే పెద్దమ్మకి "మొదట్లో చూడు" అని చెప్పేవాణ్ణి. ఆమె ఒక్క క్షణంలో చూసేది.

సరిచేయలేదు కాబట్టి నియమం ఇలా చెప్పుకోవాలి. మొదట్లో వచ్చే జంట గీతల్ని వదిలేయండి. ఆ తర్వాత వచ్చే మొట్టమొదటి వంకర గీత దగ్గర వేలు పెట్టండి. గీత లేకపోతే అడ్రసు అయిపోయిన చోట పెట్టండి. అక్కడి నుంచి ఎడమకు చదివితే *ఎవరు* అని తెలుస్తుంది. కుడికి చదివితే *ఏమిటి* అని తెలుస్తుంది. ఎవరో తేలకుండా ఏమిటో చూడొద్దు. చివర అంటే ఆ వేలు పెట్టిన చోటు.

తాళం బొమ్మ ఉంటే మంచిదే అని చాలామంది నమ్మకం. తాళం చెప్పేది ఒక్కటే, మీరు రాసేది దారిలో ఎవరూ చదవలేరని. అవతలివాడు దొంగైతే దొంగకే భద్రంగా చేరుతుంది. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మను తీసేసింది.

*

ఇప్పటిదాకా నేను చుక్కల మధ్య పేర్లను తెలుగులో రాసుకుంటూ వచ్చా. నిజానికి అవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. పాత నియమం ప్రకారం పేర్లలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఇంతే ఉండాలి. ఈ ఇరుకు గదిలోనే తెలుగు వెబ్ పుట్టింది.

బుద్వేల్ అని ఇంగ్లీషులో రాయాలంటే 'వీ' పెట్టాలా, 'డబ్ల్యూ' పెట్టాలా? ఏత్వం దీర్ఘమని ఎలా చెప్పాలి? ఉత్తరానికైతే ఎలా రాసినా పోస్ట్‌మ్యాన్ సర్దుకుంటాడు. వెబ్ అడ్రసు సర్దుకోదు. ఒక్క అక్షరం తేడా వస్తే అది ఇంకో ఊరు. 1990లలో అమెరికాలోని రైస్ యూనివర్సిటీ తెలుగువాళ్ళు తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో దీనికో దారి ఉంది. పెద్ద 'టీ' అయితే ట, చిన్న 'టీ' అయితే త. ఎంతోమంది తెలుగువాళ్ళు కంప్యూటర్లో తొలిసారి తెలుగు రాసుకున్నది అలాగే. కానీ డొమైన్ పేర్లకు పెద్ద బడి, చిన్న బడి తేడా తెలియదు, రెండూ ఒకటే. 1998లో మొదలైన 'ఈమాట' పత్రిక అడ్రసు చూడండి. 'ఈ' కోసం రెండు 'ఈ'లు, 'మా' కోసం రెండు 'ఏ'లు పెట్టి దీర్ఘాలు నిలబెట్టుకున్నారు. టకారాన్ని నిలబెట్టే దారి లేదు. తెలియనివాడు 'ఈమాత' అని చదివినా ఆ అడ్రసు కాదనలేదు.

వంకర గీతకు కుడివైపు తెలుగు తొందరగానే వచ్చింది. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసం పేరు తెలుగులోనే ఉంటుంది. కానీ ఆ లింకుని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే శాతం గుర్తులు, ఈ-సున్నా, బీ-సున్నా అంటూ కొండవీటి చాంతాడంత వస్తుంది. తెలుగు అక్షరమైనా గుణింతం గుర్తయినా కంప్యూటరుకు మూడు బైట్లు. ఒక్కో బైటుకీ శాతం గుర్తుతో కలిపి మూడు చిహ్నాలు. బుద్వేల్‌లో హల్లులు, గుణింతాలు, పొల్లులు కలిపి ఎనిమిది గుర్తులు. అంటే ఒక్క ఊరి పేరుకి 72 చిహ్నాలు. ఆ పొడుగు చూసే చాలామంది, ఇదేదో వైరస్ అనుకుని తెలుగు లింకుల్ని నొక్కరు. దొంగ లింకు పొట్టిగా, నున్నగా ఉంటుంది.

ఎడమవైపుకి, అంటే *ఎవరు* అన్న భాగంలోకి, తెలుగు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2003లో 'ప్యూనికోడ్' అనే ఉపాయం ప్రామాణికమైంది. బయటకు ఏ లిపైనా కనిపిస్తుంది, లోపల మాత్రం పాత ఇంగ్లీషు అక్షరాలే నడుస్తాయి. 2011లో మన దేశానికి ఏడు లిపుల్లో సొంత పేర్లు మంజూరయ్యాయి. దేవనాగరి పేరుతో 2014 ఆగస్టులో రిజిస్ట్రేషన్లు మొదలై, మిగతావి తర్వాత చేరాయి. తెలుగుకు వచ్చిన పేరు '.భారత్'. తమిళులు మాత్రం తమ లిపిలో 'ఇందియా' అని పెట్టుకున్నారు. మనది పొల్లుతో ముగిసే హిందీ ఉచ్చారణ. మన కంటికి '.భారత్' అని కనబడేది రూట్ పట్టికలో 'ఎక్స్ఎన్, రెండు అడ్డగీతలు, ఎఫ్ పీ సీ ఆర్ జే తొమ్మిది సీ మూడు డీ' అని ఉంటుంది. బయట తెలుగు బోర్డు, లోపల ఇంగ్లీషు ఫైలు. మన ఆఫీసులు తెలిసినవాళ్ళకు ఇదేం కొత్త కాదు.

*

ఈ కథలో ఒక మలుపు హైదరాబాద్‌లోనే జరిగింది. ప్రపంచంలో ఈ పేర్ల వ్యవహారమంతా చూసుకునే సంస్థ ఐకాన్. దాని 57వ సమావేశం 2016 నవంబర్ 3 నుంచి 9 దాకా హైటెక్స్ పక్కనున్న హెచ్‌ఐసీసీలో జరిగింది. అప్పటిదాకా రూట్ పట్టిక మీద అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ ఉండేది. అక్టోబర్ 1న అది ముగిసింది. ఆ తర్వాత జరిగిన మొదటి సమావేశం మన ఊళ్ళోదే.

నవంబర్ 8 రాత్రి ఎనిమిదింటికి ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 500, 1000 నోట్లు రద్దయ్యాయి. పేర్లకు విలువ ఎక్కడి నుంచి వస్తుందో చర్చించడానికి ప్రపంచమంతటి నుంచి వచ్చినవాళ్ళు ఊళ్ళో ఉన్నప్పుడే, కాగితానికి విలువ ఎక్కడి నుంచి వస్తుందో మనందరికీ తెలిసొచ్చింది. నోటు మారలేదు, మీది అధికారి మాట మారింది. డొమైన్ పేరు కూడా అంతే. పై మెట్టువాడు గుర్తించినంతసేపే అది పేరు.

భారతీయ లిపుల కోసం 'నియో-బ్రాహ్మీ' అనే బృందం ఆ ఏళ్ళలో కూర్చుని ఒక పని చేసింది. తెలుగుతో పాటు తొమ్మిది లిపుల్లో, రూట్ పట్టికలో ఏ అక్షరం ఎక్కడ రావచ్చో, ఏవి ఒకదాన్ని చూసి ఇంకోటి అని పొరబడొచ్చో నియమాలు రాసింది. తెలుగు నియమాలు 2019లో ప్రపంచ పట్టికలో చేరాయి. అందులో నాకు నచ్చిన భాగం తెలుగు-కన్నడ సంగతి. రెండు లిపులూ ఒకప్పుడు ఒకటే. ర, ల, జ, బ లాంటి అక్షరాలు ఇవాళ్టికీ దాదాపు ఒకేలా ఉంటాయి. శాసనాలు చదివేవాళ్ళకు అది ఆనందం, మోసగాడికి అది అవకాశం. చూపుకి తెలుగు పేరే, లోపల కన్నడ అక్షరాలు. అందుకని అలాంటి జంట పేర్లను వేర్వేరు వాళ్ళకు ఇవ్వకూడదని రాసుకున్నారు. కొన్ని వందల ఏళ్ళ కింద విడిపోయిన అన్నదమ్ముల ఆస్తి తగాదా రాకుండా ముందే కాగితం రాసుకున్నట్టు.

ఇంకో ముచ్చట. 'బుద్వేల్‌లో' అని రాస్తే పొల్లుకీ 'లో'కీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. అది లేకపోతే 'బుద్వేల్లో' అయిపోతుంది. కథల్లో, కవితల్లో మనం రోజూ వాడేదే. రూట్ పేర్లలో దానికి చోటు లేదు. కనబడనిది అడ్రసులో ఉంటే దాన్ని ఎవరు పట్టుకుంటారు?

ఇంత చేశాక కూడా తెలుగు పుస్తకం అట్ట మీద '.భారత్' అడ్రసు నేనింతవరకు చూడలేదు. తెలుగు ఈమెయిల్ అడ్రసు ఇస్తే చాలా వెబ్ ఫారాలు 'సరైన అడ్రసు ఇవ్వండి' అంటాయి. ఆ ఫారాలు రాసింది నాలాంటివాళ్ళే. నేను రాసిన ఫారాలు కూడా అలాగే అనేవి, మొన్నమొన్నటిదాకా.

*

ఇక మన సంగతి, అంటే చదువుకునేవాళ్ళ సంగతి. మనం దొంగ చలాన్లు నొక్కంలే అనుకుంటాం. కానీ మన నష్టం ఇంకో రకం.

డొమైన్ పేరు ఎవరూ కొనుక్కోలేరు, అద్దెకు తీసుకుంటారు. ఒకసారికి ఎక్కువలో ఎక్కువ పదేళ్ళు. కట్టడం మర్చిపోతే కొన్నాళ్ళు ఆగి ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇష్టంగా చదివిన ఒక తెలుగు సైటు అడ్రసు కొడితే పేకాట ప్రకటనలు రావడం నాకు అనుభవమే. అడ్రసు కదల్లేదు, ఇల్లూ కదల్లేదు, ఇంట్లో ఎవరో కొత్తవాళ్ళు దిగారు. పెద్దమ్మ ఇల్లు, ఎయిర్‌పోర్టు కథల తర్వాత ఇది మూడో కథ. అన్నిటికన్నా దిగులుగా ఉండేది ఇదే.

2005 తర్వాతి తెలుగు బ్లాగుల కాలం గుర్తున్నవాళ్ళకు బ్లాగ్‌స్పాట్ తెలుసు. అప్పట్లో ఎందరో కథకులు, విమర్శకులు, వంటలూ యాత్రలూ రాసినవాళ్ళు అక్కడే ఉండేవాళ్ళు. 2012 నుంచి కొన్నేళ్ళపాటు, మన దేశం నుంచి ఆ బ్లాగులు తెరిస్తే అడ్రసులో డాట్ కామ్ బదులు డాట్ ఇన్ కనబడేది. మనం దాన్నే కాపీ చేసి వ్యాసాల్లో, పుస్తకాల వెనక, ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నాం. 2020లో ఆ డాట్ ఇన్ పేరు గడువు తీరి గూగుల్ చేతి నుంచి జారిపోయి ఇంకొకరి చేతికి వెళ్ళింది. లక్షల లింకులు ఒక్కసారిగా తెగాయి. రాసినవాళ్ళు చెరపలేదు, రాతలు ఎక్కడికీ పోలేదు, దారి పోయింది.

ఇక్కడ చిన్న శుభవార్త. అలాంటి పాత లింకు కనబడితే, మొదటి వంకర గీతకు ముందున్న 'ఇన్' తీసేసి 'కామ్' పెట్టండి. బ్లాగు బతికుంటే తెరుచుకుంటుంది. అడ్రసు చదవడం వస్తే దొంగని గుర్తుపట్టడమే కాదు, తప్పిపోయినవాళ్ళని వెతికి తెచ్చుకోవచ్చు కూడా. అదీ కాకపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత అడ్రసు ఇచ్చి చూడండి. 2009లో మూతపడ్డ జియోసిటీస్ పేజీలు కూడా కొన్ని అక్కడ దొరుకుతాయి. దానికైనా పాత అడ్రసు అక్షరం పొల్లుపోకుండా మీ దగ్గర ఉండాలి. లింకులు రాసిపెట్టుకోండి.

అడ్రసులు ఇప్పుడు కంటికి కనబడటం తగ్గిపోతోంది. యాప్‌లలో అసలు ఉండవు. ఫోన్ బ్రౌజర్లో సగం దాగుంటుంది. పేరు కొట్టేవాళ్ళు తక్కువ, వెతికేవాళ్ళే ఎక్కువ. మంచిదే అనిపిస్తుంది, కానీ కవరు మీది అడ్రసు చదవడం మర్చిపోయిన ఊళ్ళో ఉత్తరాలు ఎవరి చేతుల్లోకి వెళ్తాయో పోస్ట్‌మ్యాన్ దయ.

ఆ మర్నాడు బుద్వేల్ వెళ్ళి పెద్దమ్మకు ఇదంతా చెప్పలేదు. ఫోన్ చేతికిచ్చి వంకర గీత చూపించా. "ఇక్కడ వేలు పెట్టి ఎనక్కి చదువు" అన్నా. రెండు మూడు లింకులు చదివింది. ఒకటి బ్యాంకుది, ఒకటి కరెంటు బిల్లుది, ఒకటి దొంగది. మూడూ సరిగ్గా చెప్పింది.

"గింతేనా? మరి నిన్న చివర చూడమంటివి?" అంది.

తప్పు చెప్పానన్నా.

"మీ పెదనాయినకు సుత చూపియ్యి" అని చాయ్ పెట్టడానికి లేచింది.